డ్రై నీడ్లింగ్: రెండు రోజుల వర్క్‌షాప్ సరిపోతుందా?

పోయిన నెల మెడనొప్పి గురించి రాస్తూ డ్రై నీడ్లింగ్ అనే మాట ఒక్కసారి వాడాను, దానికే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి. సగం ఫిజియోల నుంచి, సగం పేషెంట్ల ఇళ్ల నుంచి. అందుకే ఈసారి మొత్తం దాని గురించే. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: కండలో ముడిపడినట్టు గట్టిగా తగులుతూ, నొక్కితే నొప్పి ఇంకో చోటికి పాకే జాగాని ట్రిగ్గర్ పాయింట్ అంటాం. మందు ఏమీ లేని సన్నటి సూదిని అందులోకి దింపి ఆ బిగుతు వదిలించడమే డ్రై నీడ్లింగ్.

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేను బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, పూర్తిచేసి ఏడాదిన్నర అయింది, ఒక ప్రైవేట్ క్లినిక్‌లో చేస్తున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మెడ, భుజం పట్టేసినవాళ్లే, "సూదులు వేస్తారా" అని వాళ్లే అడుగుతున్నారు. ఈ మధ్య మా సార్ నన్ను శని, ఆదివారాల్లో జరిగిన ఒక వర్క్‌షాప్‌కి పంపించారు. మొదటి రోజు సగం స్లైడ్లతోనే అయిపోయింది, తర్వాత ఒకరిమీద ఒకరం ప్రాక్టీస్ చేశాం, రెండో రోజు సాయంత్రం సర్టిఫికెట్లు ఇచ్చేశారు. మేం నలభై మందిమి, నేర్పినవాళ్లు ఇద్దరు. మొత్తంమీద నేను పది పన్నెండు సూదులు వేసి ఉంటానేమో. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి పేషెంట్లకు మొదలుపెట్టమంటున్నారు సార్. మెడ నుంచి భుజానికి దిగే కండ, ట్రెపీజియస్ పైభాగానికి వేయాలంటే చెయ్యి వణుకుతోంది. వద్దంటే ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్. ఈ సర్టిఫికెట్ చెల్లుతుందా? అసలు ఎంత ట్రైనింగ్ ఉండాలి? దీనికి రూల్ అంటూ ఏదైనా ఉందా?
- ఒక ఫిజియోథెరపిస్ట్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: తమ్ముడూ, ముందు ఆ చెయ్యి వణకడం గురించి. ఆ కండ కింద ఏముందో మీకు తెలుసు, కానీ ఎంత లోతులో ఉందో చేతికి ఇంకా అందలేదు, అందుకే వణుకుతోంది. ఆ వణుకు తగ్గేదాకా ట్రెపీజియస్ జోలికి వెళ్లకండి. మీ సార్‌తో ఏం మాట్లాడాలో తర్వాత చెబుతాను.

రూల్ సంగతి. మన దేశంలో ఫిజియోథెరపీని 2021లో వచ్చిన నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కిందికి తెచ్చారు. ఫిజియోథెరపిస్ట్ అంటే ఎవరు, కనీసం డిగ్రీ ఉండాలి, సొంతంగా ప్రాక్టీస్ చేయొచ్చు, వ్యాయామాలు, కీళ్లని చేత్తో కదిలించే మొబిలైజేషన్, మానిప్యులేషన్, కరెంటుతో, వేడితో చేసే చికిత్సలు వాడొచ్చు, ఇలాంటివన్నీ అందులో రాశారు. సూది అనే మాట మాత్రం విడిగా లేదు. ఇన్ని గంటలు నేర్చుకుంటేనే సూది పట్టాలి అన్న లెక్క కూడా ఆ చట్టంలో లేదు. కాబట్టి మీ సర్టిఫికెట్ చెల్లుతుందా అని అడిగితే, ఆ శని, ఆదివారాలు మీరు అక్కడ కూర్చున్నారని అది చెబుతుంది, అంతే. రేపు పేషెంట్‌కి ఏదైనా అయితే "నువ్వు ఎక్కడ నేర్చుకున్నావు, ఎవరి దగ్గర, ఎన్ని కేసులు చూశావు" అనే అడుగుతారు. అడిగేది పేషెంట్ తరఫు లాయర్ కావొచ్చు, పేషెంట్ అన్న కావొచ్చు. రూల్‌లో గంటలు రాయలేదు కదా అని మన బాధ్యత తగ్గదు, నన్నడిగితే ఇంకా పెరుగుతుంది.

ఎంత ట్రైనింగ్ అన్న దానికి నేను ఎప్పుడూ ఒక రిపోర్టు గుర్తుచేస్తాను. అమెరికాలో రాష్ట్రాల ఫిజికల్ థెరపీ బోర్డులన్నిటికీ కలిపి ఒక ఫెడరేషన్ ఉంది. డ్రై నీడ్లింగ్ క్షేమంగా చేయడానికి ఒక ఫిజియోకి ఏమేం తెలిసి ఉండాలో విడివిడిగా జాబితా వేయించి 2015లో రిపోర్టు తెచ్చింది. కావలసిన విషయ పరిజ్ఞానంలో 86 శాతం మామూలు ఫిజియో చదువులోనే వచ్చేస్తుందని అందులో తేలింది. ఈ ఒక్క అంకె పట్టుకుని "చూశారా, డిగ్రీ చాలు" అనేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రిపోర్టులోనే ఇంకో మాట కూడా ఉంది. మిగిలిన పరిజ్ఞానానికీ, చేతితో చేసే పనుల్లో దాదాపు అన్నిటికీ విడిగా శిక్షణ కావాల్సిందే అని. అంటే ఏ నరం ఎటు పోతుంది, ఏ కండ ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుంటుంది, ఏ నొప్పి కండది, ఏ నొప్పి డిస్క్‌ది అన్నవి మీరు నాలుగున్నరేళ్లలో చదివేశారు. సూదిని ఏ కోణంలో పట్టాలి, ఎముకకి తగిలితే వేలికి ఎలా తెలుస్తుంది, కండ టక్కున ఎగిరినప్పుడు, అదే ట్విచ్ వచ్చినప్పుడు, సూదిని ఏం చేయాలి, సూది వంగితే, ఇరుక్కుంటే, పేషెంట్ కళ్లు తేలేస్తే ఏం చేయాలి, ఇవి చదివితే వచ్చేవి కావు. పక్కన ఒకరు నిలబడి మన చెయ్యి చూస్తూ ఉంటేనే వస్తాయి. మీ వర్క్‌షాప్‌లో ఇద్దరు నలభై మంది చేతులు ఎలా చూస్తారు చెప్పండి?

ఆ ట్రెపీజియస్‌నే తీసుకుందాం, మీరు అడిగారు కాబట్టి. ఊపిరితిత్తి పైకొన కాలర్ బోన్ దగ్గర ఆగదు. లోపలి మూడోవంతు దగ్గర ఎముకకి సుమారు రెండున్నర సెంటీమీటర్లు పైదాకా వస్తుంది. వెనకవైపు, రెక్క ఎముకకీ వెన్నుకీ మధ్య రాంబాయిడ్స్ అనే కండలు ఉన్నచోట, సన్నగా ఉన్నవాళ్లలో చర్మం నుంచి 10 నుంచి 20 మిల్లీమీటర్ల లోతులోనే ఊపిరితిత్తి ఉండొచ్చు. మన డబ్బాల్లో ఉండే సూదులు 30, 40, 50 మిల్లీమీటర్లవి. లెక్క మీరే వేసుకోండి. అందుకే ట్రెపీజియస్ పైభాగాన్ని బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య గట్టిగా పట్టి, ఎత్తి, ఊపిరితిత్తి వైపు కాకుండా మనం పట్టుకున్న వేళ్ల వైపుకి సూది వెళ్లేలా వేయమంటారు. చదవడానికి ఒక వాక్యమే. కానీ లావుగా ఉన్నవాళ్లలో ఆ కండ పట్టుకి రాదు, బాగా బిగిసిపోయినవాళ్లలో వేళ్లలోంచి జారిపోతుంది, పేషెంట్ దగ్గితే పట్టు వదిలేస్తాం. వందసార్లు ఉత్త చేత్తో పట్టి ఎత్తిన తర్వాతే సూది తీయాలని నేను మా జూనియర్లకి చెబుతాను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక క్లినిక్‌లో, పేరు వద్దు, ఒక అబ్బాయి మీలాగే వర్క్‌షాప్ నుంచి వచ్చిన పదిహేను రోజులకే సన్నటి అమ్మాయికి రాంబాయిడ్స్‌లో సూదులు వేశాడు. ఆ పూట ఏమీ కాలేదు, నవ్వుకుంటూ వెళ్లింది. రాత్రి ఎనిమిదింటికి వాళ్ల నాన్న ఫోన్ చేశారు, అమ్మాయికి ఛాతీలో పొడుస్తోంది, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, పొడి దగ్గు ఆగట్లేదు అని. ఆ ఫోన్ ఎత్తింది నేనే. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లమన్నాను, నేనూ వెళ్లాను. ఎక్స్-రేలో ఒకవైపు ఊపిరితిత్తి కొంత కుదించుకుపోయి కనిపించింది, న్యూమోథొరాక్స్, అంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఆ అమ్మాయి కోలుకుంది. ఆ అబ్బాయి మాత్రం చాలాకాలం ఎవరికీ సూది వేయలేదు. అతన్ని నేను తప్పుపట్టను. అతన్ని ఒంటరిగా ఆ గదిలో వదిలేసిన మేమందరం తప్పు చేశాం, సీనియర్‌గా నేను కూడా. అప్పటికి నాకు అడిగే ధైర్యం ఉండి ఉంటే ఆ సూది పడేది కాదు.

ఇది మన దగ్గరే జరుగుతుందనుకోకండి. టోరిన్ యేటర్-వాలెస్ అనే అమెరికా స్కీయింగ్ ఆటగాడికి 2013లో డ్రై నీడ్లింగ్ చేస్తుండగా సూది గుచ్చుకుని ఊపిరితిత్తి దెబ్బతింది, కోలుకుని 2014 సోచి ఒలింపిక్స్‌కి వెళ్లగలిగాడు. ఇలాంటివి చాలా అరుదు, అది కూడా చెప్పాలి. అరుదు కాబట్టే కొత్తవాళ్లు మరిచిపోతారు.

సరే, మరి ఎలా నేర్చుకోవాలి? కోర్సుకి డబ్బు కట్టేముందు నాలుగు విషయాలు కనుక్కోండి. మొత్తం గంటల్లో ఎదురుగా కూర్చుని చేతితో చేసేవి ఎన్ని? ఆన్‌లైన్ గంటలు థియరీకి పనికొస్తాయి, చేతికి పనికిరావు. ఒక టీచర్‌కి ఎంతమంది విద్యార్థులు? పది దాటితే నేనైతే కట్టను. చివర్లో రాతపరీక్షతో పాటు చేయించి చూసే పరీక్ష ఉందా, అందులో ఫెయిల్ చేసే అలవాటు వాళ్లకి ఉందా? అందరికీ సర్టిఫికెట్ గ్యారంటీ అంటే అక్కడ ఎవరూ మీ చెయ్యి చూడట్లేదని అర్థం. కోర్సు అయ్యాక మీరు చేసే మొదటి కేసులు ఎవరు చూస్తారు? ఈ ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం, మన దగ్గర అన్నిటికన్నా తక్కువ దొరికేది కూడా ఇదే. గంటల్లో చెప్పమంటే, నా లెక్కలో మొత్తం ఎనభైకి తగ్గకూడదు, అందులో సగం చేతిపని ఉండాలి. ఇది నా సొంత అంకె కాదు, అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం పెట్టిన లెక్క, నాకు సబబుగా అనిపించింది.

కండల వరస కూడా ఉంటుంది. పిక్క, పిర్ర, తొడ ముందుభాగం, ముంజేయి, ఇక్కడ మొదలుపెట్టండి. వీటిలోనూ రక్తనాళాలు, నరాలు ఉంటాయి, పిర్రలోంచి కాల్లోకి దిగే పెద్ద నరం, సయాటిక్ నరాన్ని మరిచిపోకూడదు, కానీ ఊపిరితిత్తి లేదు. ఛాతీ చుట్టూ ఉన్న కండలు, మెడ ముందు భాగం, తల వెనక కింద, మెదడుకి రక్తం తీసుకెళ్లే వెర్టిబ్రల్ ఆర్టరీ పోయే చోటు, నడుము పైభాగంలో కిడ్నీల దగ్గర, ఇవన్నీ తర్వాత, అది కూడా పక్కన సీనియర్ ఉన్నప్పుడే. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, ఏ కండ, ఎంత పొడవు సూది, ట్విచ్ వచ్చిందా, తర్వాత ఎలా ఉంది, ఎవరు చూశారు అని రాయండి. మీ కాలేజీ అనాటమీ డిపార్ట్‌మెంట్‌ని ఒకసారి అడిగి చూడండి, పాత విద్యార్థిగా, శవాన్ని కోసి చూపించే డిసెక్షన్ హాల్‌లో ఒక పూట నిలబడనిస్తే అదృష్టమే. ఫస్టియర్‌లో పరీక్ష కోసం చూసిన కండకీ, సూది వేయబోయే కంటితో చూసే కండకీ చాలా తేడా కనిపిస్తుంది.

ఇక మీ సార్. "నేను చేయను" అనకండి. "సార్, ఒకటో తారీఖు నుంచి పిక్క, ముంజేయి లాంటివి మీరు పక్కన ఉంటే చేస్తాను, మెడా వీపూ మాత్రం ఇంకా నేర్చుకున్నాకే" అనండి. పేషెంట్‌కి ఏదైనా అయితే పోయేది క్లినిక్ పేరే కదా, ఆ మాట మెల్లగా గుర్తుచేయండి. అప్పటికీ ఒప్పుకోకపోతే, ఆ రోజు మెడకి చేత్తో ప్రెషర్ ఇవ్వండి, స్ట్రెచ్‌లు చేయించండి, వేడి కాపు పెట్టండి. సూది లేకుండా తగ్గే మెడలే ఎక్కువ. ఉద్యోగం గురించి మీ భయం నాకు అర్థమైంది, దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దె కట్టుకుంటూ కొత్త ఉద్యోగం వెతుక్కోవడం తేలిక కాదు. అయినా నేనిచ్చే సలహా ఇదే.

ప్రశ్న: మేడమ్ గారూ, మా అబ్బాయి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్. రోజంతా ల్యాప్‌టాప్ ముందే, మెడ పట్టేసి తల తిప్పలేకపోయాడు. ఇంటి దగ్గర ఫిజియో దగ్గరికి వెళ్తే మెడకీ భుజానికీ సూదులు వేశారట. ఇప్పుడు తల తిప్పగలుగుతున్నాడు గానీ భుజం మీద రూపాయి బిళ్లంత నల్లగా కమిలింది, రెండు రోజులు ముట్టుకోనివ్వలేదు. నాకు భయంగా ఉంది. ఇది ఆక్యుపంక్చరేనా, వేరేనా? మావారికి గుండెలో స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మందులు వాడుతున్నారు, ఆయన కూడా నడుముకి అక్కడికే వెళ్తానంటున్నారు. పంపించమంటారా?
- ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, అబ్బాయి సంగతి ముందు. కమలడం, ఒకటి రెండు రోజులు పచ్చిపుండులా అనిపించడం ఇందులో మామూలే. ఐర్లండ్‌లో 39 మంది ఫిజియోలు చేసిన 7,629 సిట్టింగుల లెక్క తీసి 2014లో ప్రచురించారు. సుమారు 19 శాతం సార్లు ఇలాంటి చిన్న ఇబ్బందులు వచ్చాయి, కమలడం, చుక్క రక్తం, నొప్పి, ఎక్కువగా ఇవే. పెద్ద ప్రమాదం ఒక్కటీ నమోదు కాలేదు. వాళ్లు శిక్షణ పొంది చేస్తున్నవాళ్లు అన్నది మరిచిపోకండి. ఆ నలుపు వారం పది రోజుల్లో పచ్చబడి పోతుంది. అబ్బాయికి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పొడవడం, ఆగని పొడి దగ్గు, వీటిలో ఏదొచ్చినా, సూది వేసి కొన్ని గంటలైనా సరే, తగ్గుతుందిలే అని చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లి "మెడకీ భుజానికీ సూదులు వేశారు" అని ఆ మాట తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే గ్యాస్ అనుకునే ప్రమాదం ఉంది.

ఆక్యుపంక్చర్‌లో వాడే సూదీ ఇదీ ఒకటే రకం, అందుకే చూసేవాళ్లకి రెండూ ఒకేలా ఉంటాయి. ఆలోచన వేరు. అది చైనా సంప్రదాయంలోని నాడీమార్గాల లెక్కన వేస్తారు, ఇది కండల్లోని ముడుల లెక్కన. ఈ ముడుల గురించి ఎక్కువ పనిచేసింది జానెట్ ట్రావెల్ అనే అమెరికా డాక్టరమ్మ, కెనెడీ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు వైట్‌హౌస్‌లో ఆయనకి వైద్యురాలు. ఆవిడ సూదితో మత్తుమందు ఎక్కించేది. మందు లేకపోయినా ఉత్త సూదిపోటుకే నొప్పి తగ్గుతోందని కారెల్ లెవిట్ అనే చెక్ డాక్టర్ 1979లో రాశాడు. మందు లేదు కాబట్టి డ్రై అన్నారు.

మీవారి విషయంలో మాత్రం నేను తొందరపడవద్దంటాను. పలచబడే మందులు వాడేవాళ్లకి చేతికి అందే కండలో సన్నటి సూది వేసి, తర్వాత కాసేపు నొక్కిపట్టడం వేరు. నడుము లోతు కండల్లో వేస్తే లోపల రక్తం కారినా పైనుంచి నొక్కడానికి ఉండదు. ముందు గుండె డాక్టర్‌ని అడగండి, ఏయే మందులు వాడుతున్నారో ఆ చీటీ ఫిజియోకి చూపించండి. సూది కోసం ఆ మందులు ఒక్క రోజు కూడా సొంతంగా మానేయొద్దని గట్టిగా చెప్పండి, స్టెంట్ ఉన్నవాళ్లకి అది ప్రాణం మీదికి తెస్తుంది. నడుముకి వేరే మార్గాలు చాలా ఉన్నాయి, నేనైతే వ్యాయామాలతోనే మొదలుపెడతాను.

ఇంకోసారి అబ్బాయి వెళ్లినప్పుడు మీరూ వెంట వెళ్లండి, ఆ ఫిజియోని అడగండి: "బాబూ, ఇది ఎక్కడ నేర్చుకున్నావు, ఎన్నాళ్లుగా చేస్తున్నావు?" తెలిసినవాళ్లు సంతోషంగా చెబుతారు, విసుక్కుంటే బయటికి వచ్చేయండి. సూది ప్యాకెట్ మీ కళ్లముందు చించాలి. పడుకోబెట్టి వేయాలి, కూర్చోబెట్టి కాదు, కొంతమందికి సూది చూడగానే కళ్లు తిరుగుతాయి. వేసేముందు ఏం చేస్తున్నారో, ఏం కావొచ్చో చెప్పి, ఒప్పుకున్నాకే వేయాలి. ఇంకో మాట, సూదితో వచ్చే ఉపశమనం ఎక్కువగా కొన్ని రోజులదీ, కొన్ని వారాలదీ. ల్యాప్‌టాప్ కంటి ఎత్తుకి రాకుండా, గంటకోసారి లేవకుండా, మెడకి వ్యాయామం లేకుండా సూదుల మీద సూదులు వేయించుకుంటూ పోతే మళ్లీ అదే మెడ. వారం వారం సూదులే వేస్తూ ఒక్క వ్యాయామమూ నేర్పని చోటు మీ అబ్బాయికి పనికిరాదు.

ప్రశ్న: నమస్తే మేడమ్, నేను ఎంపీటీ, అంటే ఫిజియోథెరపీలో పీజీ, చేశాను, అమెరికా లైసెన్స్ పరీక్షకి చదువుతున్నాను. మా అక్కావాళ్లు మేరీలాండ్‌లో ఉన్నారు. ఇక్కడ చేసిన డ్రై నీడ్లింగ్ కోర్సు అక్కడ పనికొస్తుందా? ఏ రాష్ట్రంలో ఎంత ట్రైనింగ్ అడుగుతారు?
- ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: బిడ్డా, మంచి ప్రశ్న, చాలామంది అక్కడికి వెళ్లాక అడుగుతారు. అమెరికాలో దీనికి దేశం మొత్తానికీ ఒకే రూల్ లేదు, ఏ రాష్ట్రం బోర్డు లెక్క దానిది. మీ అక్కావాళ్లు ఉన్న మేరీలాండ్‌లో కనీసం 80 గంటలు, అందులో 40 పాఠాలు, 40 చేతితో చేసే శిక్షణ. దాంతోపాటు ఫిజియోగా రెండేళ్లు పనిచేసి ఉండాలి. కొలరాడోలో 46 గంటలు ఎదురుగా కూర్చుని నేర్చుకోవాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో అయితే చాలాకాలం ఫిజియోలకి అనుమతే లేదు, 2023లో చట్టం చేసి, మొత్తం 325 గంటల శిక్షణ పెట్టారు, అక్కడ దాన్ని ఇంట్రామస్క్యులర్ నీడ్లింగ్ అంటారు. కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో ఫిజియో సూది వేయడానికి వీల్లేదు. అక్కడి ఆక్యుపంక్చర్ వాళ్లు దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తారు. వేల గంటలు చదివి లైసెన్స్ తెచ్చుకున్న పనిని ఇంకొకరు వారాంతంలో నేర్చుకుని చేస్తామంటే వాళ్లకి కోపం రావడంలో అన్యాయం లేదనే నాకనిపిస్తుంది. ఫిజియోల వాదన కూడా బలమైనదే, అనాటమీ, నొప్పి పరీక్ష మాకు ముందే వచ్చు కదా అని. ఈ గొడవలోంచే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో అంకె వచ్చింది.

మీరు ఇప్పుడు చేయాల్సింది లైసెన్స్ పరీక్ష, డిగ్రీ సమానత్వం సర్టిఫికెట్, వాటి మీదే దృష్టి పెట్టడం. ఇక్కడి కోర్సు అక్కడ లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది ఆ బోర్డు చేతిలో ఉంటుంది, కాబట్టి ఉద్యోగం ఏ రాష్ట్రంలో వస్తే ఆ బోర్డుకి మెయిల్ పెట్టి రాతలో జవాబు తీసుకోండి, స్నేహితులు చెప్పింది నమ్మకండి. ఇప్పటికే కోర్సు చేసి ఉంటే సిలబస్, ఎదురుగా కూర్చున్న గంటలు ఎన్ని, నేర్పినవాళ్ల అర్హతలు, పరీక్ష మార్కులు, అన్నీ ఆ సంస్థ లెటర్‌హెడ్ మీద రాయించుకుని దాచుకోండి. అయిదేళ్ల తర్వాత అడిగితే ఆ సంస్థ ఉంటుందో లేదో.

ఇంకా చేయకపోతే ఇప్పుడు డబ్బు పెట్టొద్దు. అక్కడికి వెళ్లాక, ఆ రాష్ట్రం ఒప్పుకునే కోర్సే చేయండి. రెండుసార్లు కట్టే స్తోమత మన మధ్యతరగతి ఇళ్లకి ఎక్కడుంది.

ప్రశ్న: మేడమ్, చిన్న క్లినిక్ నడుపుతున్నాను. ఒకే పేషెంట్ నాలుగైదు సిట్టింగులకి వస్తారు కదా, ఆయన సూదులు ఆయనకే దాచి, స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వాడొచ్చా? ఖర్చు కలిసొస్తుంది. వాడేసినవి ఎక్కడ పడేయాలి?
- ఒక క్లినిక్ యజమాని, మల్కాజిగిరి

జవాబు: వద్దు సార్. స్పిరిట్‌తో తుడిస్తే సూది స్టెరైల్ కాదు. డబ్బాలో కలిసిపోతే ఎవరిది ఎవరిదో తెలియదు. ఒకసారి వాడిన సూది మొన మొద్దుబారి రెండోసారి ఎక్కువ నొప్పి పెడుతుంది కూడా. ప్యాకెట్ చించామా, వేశామా, తీసి పడేశామా, అంతే.

పడేయడానికి 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనలు ఉన్నాయి. సూదులు గుచ్చుకుని బయటికి రాని, తెల్లటి అర్ధపారదర్శకమైన డబ్బాలోకి వెళ్లాలి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, గ్లోవ్స్ ఎర్ర సంచిలోకి. డబ్బా బెడ్ పక్కనే, చెయ్యి చాపితే అందేలా ఉండాలి, సూది పట్టుకుని గది దాటి నడవకూడదు. వేసిన సూదులు లెక్కపెట్టండి, తీసినవీ లెక్కపెట్టండి, పేషెంట్ లేచి వెళ్లాక దుప్పటిలో ఒకటి దొరికితే అది ఊడ్చే అమ్మాయి చేతికి గుచ్చుకుంటుంది. ఆ అమ్మాయికి కూడా హెపటైటిస్ బి టీకా వేయించండి, మీకూ మీ ఫిజియోలకూ మూడు డోసులు పూర్తి కావాలి, మొదటిది, నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది.

పొరపాటున ఎవరికైనా వాడిన సూది గుచ్చుకుంటే పిండకుండా, నోట్లో పెట్టుకోకుండా, సబ్బుతో ధారగా పడే నీళ్లలో కడిగి, ఆ గంటలోనే ఆసుపత్రికి పంపండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత ముందైతే అంత మంచిది, మొత్తం 28 రోజులు వాడాలి. దగ్గర్లో ఆ మందు ఏ ఆసుపత్రిలో దొరుకుతుందో ఈరోజే కనుక్కుని, ఆ పేరు, నంబరు రాసి సూదుల డబ్బా పైన గోడకి అతికించండి.